సీసా మీద పేరు

"ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నావు?"

కాగితాన్ని టిఫిను ప్లేటు పక్కన పెట్టి అడిగాడు మొగుడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. లిఫ్టు మెకానిక్కు అతను. పదో అంతస్తులో మనుషులు ఇరుక్కుపోయి గోల పెడుతున్నారని ఫోనొచ్చినా ఇదే గొంతుతో "వస్తున్నా" అంటాడు. ఆ నెమ్మది గొంతంటేనే ఆమెకు భయం.

కాగితం మీద ఆమె పేరుంది. ఆమె పనిచేసే ఆస్పత్రి ల్యాబు ముద్ర ఉంది. కింద రెండే ముక్కలు. మూత్రంలో మత్తుమందు ఉంది, ఉండకూడనంత ఉంది.

"మాట్లాడవేం?"

మాట్లాడితే నిజం చెప్పాలి. చెప్పనని ఐదు రోజుల కిందట ఒట్టు పెట్టింది. ఒట్టు వేయించుకున్నది మొగుడి చెల్లెలే, పక్క గదిలో తలుపేసుకుని ఉంది.

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అత్తగారు కదల్లేదు. నిద్రమాత్రలు మింగేంత కష్టం ఈ ఇంట్లో నీకేమొచ్చిందని కోడల్ని అడిగింది. తన వల్లేమైనా వచ్చిందేమో చెప్పమంది. చెబితే ఊరుకునే రకం కాదు గానీ, ఆ క్షణానికి మాత్రం మనస్ఫూర్తిగానే అడిగింది.

మొగుడు మాత్రం తన లెక్క తాను వేసుకుని కూర్చున్నాడు. కిందటి నెల తాళంచెవులు గుమ్మానికే వదిలేసి డ్యూటీకి పోయావు, మొన్న ఉప్పు రెండుసార్లు వేశావు, రాత్రిళ్ళు పిలిస్తే పలకవు, ఇప్పుడర్థమైంది నాకు అన్నాడు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన మనిషి పిలిస్తే ఎందుకు పలకదో అతని బుర్రకు తట్టలేదు. ఆమె హ్యాండుబ్యాగు బల్ల మీద కుమ్మరించాడు. దువ్వెన, పెన్ను, ఖాళీ శాంపిలు సీసాలు రెండు, సగం వాడిన మాత్రల అట్ట పడ్డాయి. అట్ట చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చదివాడు. గ్యాసు మాత్రలు. కింద పెట్టాడు.

"నేను మీకలా కనిపిస్తున్నానా?" అంది ఆమె.

"నాకు కాగితం కనిపిస్తోంది."

నిజమే, కాగితంలో అబద్ధం లేదు. అబద్ధం సీసా మీద ఉంది.

ఆ ల్యాబులో పనిచేసేవాళ్ళకి పరీక్షలు ఉచితం. వాళ్ళకే తప్ప వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కాదు. అది గోడకంటించిన రూలు. నడిచే రూలు వేరే. స్వీపరు దగ్గర్నుంచి సూపర్వైజరు దాకా అందరూ ఇంట్లోవాళ్ళ సీసాల మీద తమ స్టాఫు నంబరే అంటిస్తారు. ఎనిమిదేళ్ళలో కోడలి నంబరు కింద అత్తగారి షుగరు పరీక్ష జరిగింది, మొగుడి కొలెస్టరాలు చూశారు, పోయిన మామగారి ప్రోస్టేటు సంగతీ తేల్చారు. కంప్యూటరును నమ్ముకుంటే ఆమె ఒక ఏడాది మగమనిషి, మరుసటేడు మళ్ళీ ఆడమనిషి. ల్యాబులో వాళ్ళంతా దీన్ని తలుచుకుని నవ్వుకునేవాళ్ళు. ఫోను నంబరు గడిలో కూడా ఆమె మొగుడి నంబరే ఇచ్చుకుంది, అత్తగారి షుగరు ఎంతో అతనికి తిన్నగా తెలుస్తుందని. నిన్న మధ్యాహ్నం మెసేజీ ఆ నంబరుకే పోయింది.

మొన్న శుక్రవారం పొద్దున ఆడపడుచు సీసా మీదా అదే నంబరు అంటించింది. చెయ్యి సగం అలవాటుతో పోయింది, సగం భయంతో పోయింది. ఆ పిల్ల పేరు ఏ రిజిస్టర్లోనూ ఎక్కకూడదనుకుంది.

ఆడపడుచును ఇంట్లో అందరూ పంతులమ్మ అంటారు. పాఠాలు చెప్పి కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆమెది. ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకుని కరెంటు బిల్లులోనూ, మందు డబ్బాల మీదా, ఆఖరికి అన్న ఆఫీసుకు రాసే సెలవు చీటీలోనూ తప్పులు పట్టేది. కళ్ళకి శ్రమ ఎక్కువై అక్షరాలు మసకేస్తున్నాయని గురువారం మూడింటికి అన్న స్నేహితుడి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. ఏడింటికి ఆ కళ్ళజోళ్ళతనే కార్లో తెచ్చి దింపాడు. అద్దాలు చూసుకుంటూ కళ్ళు తిరిగి పడిపోయిందనీ, బీపీ పడిపోయి ఉంటుందనీ, కాసేపు పడుకోబెట్టి తెచ్చాననీ చెప్పాడు. భుజం పట్టి మంచం దాకా నడిపించాడు. అత్తగారు అతనికి రెండు చేతులూ జోడించింది. ఆ టైములో మొగుడు ఏదో లిఫ్టు గుంతలో సిగ్నలు లేనిచోట ఉన్నాడు. ఇంటికొచ్చాక విని, ఫోన్లోనే స్నేహితుడి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

ఎనిమిదింటికి డ్యూటీ నుంచి వచ్చిన కోడలికి మాత్రం ఆ పడుకున్న తీరు నచ్చలేదు. బీపీ పడిపోయిన మనిషి కాసేపు పడుకుంటే తేరుకుంటుంది. ఈ పిల్ల మాట ముద్దముద్దగా వస్తోంది. నాడి మందంగా ఉంది, ఊపిరి పైపైనే ఆడుతోంది. నా పాత కళ్ళజోడేదని అడిగింది. జవాబు చెప్పిన రెండు నిమిషాలకి మళ్ళీ అదే అడిగింది. అలా ఏడుసార్లు. ఆస్పత్రికి తీసుకెళదామంటే, ఆడపిల్ల తాగొచ్చిందనుకుంటారని అత్తగారు ఒప్పుకోలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంటే, అది ఊపిరికి అడ్డం పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి, తెల్లారేదాకా ఆమె ఛాతీ లేవడం చూస్తూ కూర్చుంది కోడలు. గట్టిగా పట్టుబట్టి తీసుకెళ్ళనందుకు ఆ రోజు నుంచీ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

పొద్దున తెలివొచ్చాక పంతులమ్మకు గుర్తున్నది రెండే. చేదెక్కువైన కాఫీ. అక్షరాలు చదివించే మిషను మీద గడ్డం ఆనించడం. ఆ తర్వాత కళ్ళు తెరిస్తే ఇంటి సీలింగు.

"ఒళ్ళు ఏదో చెబుతోంది వదినా, బుర్ర మాత్రం చెప్పడం లేదు," అంది. అన్నయ్యకు చెప్పొద్దని వదిన చెయ్యి తన తల మీద పెట్టించుకుంది.

ఇదీ ఆ సీసా కథ. ఇప్పుడు బల్ల మీద కాగితం, బల్ల అవతల మొగుడు.

పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ రమ్మందని చెప్పింది కోడలు. ల్యాబుకు పెద్ద ఆవిడే. స్టాఫులో ఎవరి నంబరు కింద మత్తుమందు తేలినా కాగితం ఆవిడకు పోతుంది. నిన్న సాయంత్రం పిలిచి కుర్చీ చూపించి, రెండింట్లో ఒకటి రాసివ్వమంది. ఇది నీదైతే ఒప్పుకుని సెలవు మీద వెళ్ళి వైద్యం చేయించుకో. ఇంకొకరిదైతే దొంగ నంబరు వేశావు, ఉద్యోగం ఉండదు. మందు తేలిన సీసా ఏడు రోజులే ఫ్రీజర్లో ఉంచుతారు, ఆ తర్వాత పారబోస్తారు. ఇవాళ ఆరో రోజు.

"ఏం రాస్తావు మరి?" అన్నాడు మొగుడు.

ఆమె లేచి ఆడపడుచు గది తలుపు తట్టింది.

కర్టెన్లు మూసే ఉన్నాయి. మంచం మీద అచ్చాఫీసు పంపిన ప్రూఫులు అలాగే పడున్నాయి, ఎర్ర పెన్ను మూత కూడా తియ్యలేదు. శనివారం కళ్ళజోళ్ళతను స్వయంగా తెచ్చిచ్చిన కొత్త జోడు డబ్బాలోనే ఉంది. దాన్ని పెట్టుకోనంటుంది. పాతది అతని షాపులోనే ఉండిపోయింది. ఆ పిల్ల ఐదు రోజులుగా గోడలు తడుముకుంటూ బాత్రూముకు వెళ్ళొస్తోంది.

"విన్నావా?" అంది కోడలు.

"గోడ పలచనేగా."

కోడలు మంచం అంచున కూర్చుని, మందు తేలిందని చెప్పింది. మోతాదు చూస్తే అది ఒక మాత్రో అరమాత్రో కాదని, ఆ సాయంత్రం ఇంకాస్త ఎక్కువ పడి ఉంటే ఊపిరి ఆగిపోయి ఉండేదని కూడా చెప్పింది. దాచడానికి ఏమీ లేదనిపించింది.

"గుర్తు లేకపోవడం నీ తప్పు కాదు. ఆ మందు పనే అది. మనిషి నడుస్తుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, అడిగితే జవాబు కూడా చెబుతుంది. లోపల మాత్రం ఏదీ నిలవదు."

పంతులమ్మ చాలాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది.

"అయితే కారు నేనే ఎక్కానన్నమాట. నవ్వుతూ ఎక్కిందని అతను అన్నయ్యతో చెప్పాడట. నవ్వానా వదినా?"

నవ్వి ఉంటే అది నీ నవ్వు కాదంది కోడలు. ఇంతకంటే మంచిమాట దొరకలేదు.

తర్వాత చెయ్యవలసింది చెప్పింది. ఒంట్లో ఇప్పుడు మందు మిగల్లేదు, మళ్ళీ పరీక్ష చేసినా ఏమీ తేలదు. ఉన్నదల్లా ఆ ఒక్క సీసా. అందులోది ఎవరిదో తేల్చే పరీక్ష వేరే ఉంది. పంతులమ్మ వచ్చి అది నాదని చెప్పాలి, కోడలు నంబరు తప్పు వేశానని రాసివ్వాలి, రేపటిలోగా పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోవాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఇక ఆ కళ్ళజోళ్ళతను చెప్పిందే కథ.

"నీ ఉద్యోగం?"

"పోతుంది."

"నీదేనని రాసిస్తే?"

"ఉద్యోగం ఉంటుందేమో. శాంపిళ్ళు మాత్రం ముట్టుకోనివ్వరు. సీసా ఎలాగూ ఉండదు."

పంతులమ్మ ఆమె వైపు తిరిగింది. మసక కళ్ళతో సూటిగా చూడ్డానికి మొహం దగ్గరికి తెచ్చింది. "ఇదంతా నాకోసం చెబుతున్నావా? అన్నయ్య ముందు నువ్వు బయటపడాలని చెబుతున్నావా?"

"రెండూను," అంది కోడలు. "ఏది ఎంతో నాకూ తెలీదు."

ఆ జవాబుకు పంతులమ్మ కోపం తెచ్చుకోలేదు. మనసులో ఉన్న భయం అప్పుడు బయటపెట్టింది. అన్నయ్య, అతనూ ఒకే కంచంలో తిని పెరిగారు. చిన్నప్పుడు తనకు సైకిలు నేర్పింది కూడా అతనే, అన్నయ్య కాదు. అతన్నీ అన్నయ్యా అనే పిలిచింది ఇన్నాళ్ళూ.

"నమ్మితే వాణ్ణి చంపి జైలుకి పోతాడు. నమ్మకపోతే నేనింక ఈ ఇంట్లో బతకలేను. అందుకే చెప్పొద్దన్నాను."

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

"నేనే ఉతికేశాను," అంది.

ఏమిటి అత్తయ్యా అని కోడలు అడిగితే, ఆవిడ చూపు కూతురి మీద నుంచి తిప్పకుండా చెప్పింది.

"గురువారం వేసుకున్న డ్రెస్సు. వచ్చేప్పటికి తిరగేసి ఉంది. వెళ్ళేప్పుడు సరిగ్గానే ఉంది, గుమ్మంలో నేనే జిప్పు సర్దాను. దీన్ని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వాడికి దణ్ణం పెట్టి పంపి, అప్పుడు విప్పి ఉతికేశాను. ఉతికేస్తే ఏమీ జరగలేదనుకోవచ్చనిపించింది."

అలా అని ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. పంతులమ్మ తల్లి దగ్గరకి వెళ్ళలేదు. తల్లీ రమ్మనలేదు. ఐదు రోజులూ ఒకే ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు ఏమీ తెలియనట్టు నటించి అలసిపోయారు ఇద్దరూ. కోడలికి ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది, వెంటనే తనూ ఆ ఇంట్లోనే నోరు మూసుకుని తిరిగింది కదా అని గుర్తొచ్చింది.

"ఏం మాట్లాడుతున్నారు మీరంతా?"

మొగుడు వెనక నుంచే అంతా విన్నాడు. నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. వాడు అలాంటివాడు కాదని ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఎరుగుదునన్నాడు. షాపులో ఎవరో ఏదో కలిపి ఉండొచ్చు, వాడికి తెలిసుండదన్నాడు. నాన్న పోయినప్పుడు వాడే అన్నీ చూసుకున్నాడని గుర్తు చేశాడు. గొంతు ఇప్పుడు పెరిగింది.

"వాడే లేకపోతే ఇది ఆ సాయంత్రం రోడ్డు మీద పడి ఉండేది."

"నేను రోడ్డు మీద లేనన్నయ్యా," అంది పంతులమ్మ. "వాడి షాపులో ఉన్నాను. నాలుగు గంటలు."

షాపు నుంచి ఇంటికి కార్లో పావుగంట. చెల్లెలు స్పృహ తప్పి పడిపోతే షాపు పక్క వీధిలోనే నర్సింగుహోము ఉంది. ఇన్ని రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అప్పుడు అతని మొహంలో కనిపించింది. గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న వాడికి చెప్పాను," అన్నాడు.

"ఏం చెప్పారు?"

మెసేజీ చూసి ఏం చెయ్యాలో తోచక తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకే పోయాడట. నా పెళ్ళాం మత్తుకు అలవాటు పడిందిరా అని చెప్పి ఏడ్చాడట. ఫోన్లో వచ్చిన రిపోర్టు చూపించాడు, దాన్ని కాగితం మీద ప్రింటు తీసిచ్చింది కూడా ఆ స్నేహితుడే. కళ్ళజోళ్ళతను ఓపిగ్గా అంతా చదివి, సీసా ఇచ్చిన తేదీ ఎప్పుడని అడిగాడట. శుక్రవారం అన్నాడు మొగుడు. అప్పుడతను భుజం మీద చెయ్యేసి, ఇంటి పరువు ముఖ్యం, ఆ సీసా లేకుండా చూసుకుందాం, నువ్వేం దిగులుపడకు అన్నాడట. ఆ ఆస్పత్రి స్టాఫుకు కళ్ళజోళ్ళు ఇచ్చేది అతనే కాబట్టి అక్కడి పద్ధతులన్నీ తెలుసు. స్టాఫు తమ సీసాను తాము వెనక్కి తీసుకోవచ్చు. ఉత్తరం రాసిస్తే చాలు, కారణం అడగరు. ఒకరి జబ్బు తోటివాళ్ళకు తెలియకుండా ఉండాలని ఎవరో పుణ్యాత్ములు పెట్టిన రూలు.

"ఉత్తరం ఎవరు రాశారు?" అంది కోడలు.

"వాడు రాశాడు. సంతకం నేను పెట్టాను. పార్సిళ్ళు వస్తే నీ బదులు పెడుతుంటాగా." అతను కళ్ళెత్తలేదు. "పొద్దున్నే తీసుకెళ్ళి ఇస్తానన్నాడు. నీ మంచికే అనుకున్నాను."

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. డాక్టరమ్మ పదకొండుకు గానీ రాదు. కౌంటర్లో ఉండే పిల్లకు ఈ గొడవేమీ తెలియదు. సీసా మీద ఉన్నది కోడలి నంబరు, ఉత్తరం కింద ఉన్నది కోడలి పేరు. ఇన్నేళ్ళుగా అందరూ నవ్వుకున్న ఆ నంబరే ఇప్పుడు ఆ సీసాను తీసి అతని చేతిలో పెట్టబోతోంది.

కోడలు ఫోను తీసి ల్యాబుకు కలిపింది.

"నేనే మీకు చేద్దామనుకుంటున్నా అక్కా," అంది కౌంటరు పిల్ల. మీవారి స్నేహితుడట, మీ ఉత్తరం పట్టుకొచ్చారు, సీసా ఫ్రీజర్లోంచి తీసి బల్ల మీద పెట్టాను, ఇచ్చెయ్యమంటారా అని అడిగింది. సంతకం చూస్తే కొంచెం అనుమానంగా ఉంది, మీదేనా అక్కా అని కూడా అడిగింది.

సంతకం నాది కాదంటే మొగుడు దొంగసంతకం పెట్టినట్టు. సీసాయే నాది కాదంటే, ఎవరిదో చెప్పాలి. చెయ్యి తల మీద పెట్టి చేసిన ఒట్టు తన నోటితో తెంచాలి. ఏమీ అనకుండా ఇంకో నిమిషం గడిస్తే చాలు, ఆ పిల్ల మొహమాటపడి ఇచ్చేస్తుంది. కోడలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని పంతులమ్మ వైపు చూసింది. నువ్వు వద్దంటే ఇప్పటికీ చెప్పనని ఆ చూపులో ఉంది. చెప్పమని అడగడం కూడా అందులోనే ఉంది.

"అక్కా? లైన్లో ఉన్నారా? ఆయన తొందరపడుతున్నారు."

పంతులమ్మ మంచం దిగి, చెయ్యి చాపి ముందు గాలిని తడిమింది, తర్వాత వదిన భుజాన్ని, ఆ తర్వాత ఫోనును. తీసుకుంది.

"సీసా ఎవరికీ ఇవ్వకండి. మా వదిన పేరు తప్పు పడింది. అది నాది."

మీరెవరండీ అని అవతలి పిల్ల అడిగింది.

పంతులమ్మ తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, వయసుతో సహా, రిజిస్టర్లో ఎక్కించుకోవడానికి వీలుగా. మొగుడు గుమ్మంలోనే కూలబడ్డాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఫోన్లో ఇంకో గొంతు వినపడింది. కౌంటరు అవతల నిలబడి, ఆప్యాయంగా, ఏమీ తొందర లేనట్టు అడుగుతోంది. "ఎవరమ్మా, ఇంటి నుంచేనా? ఇలా ఇవ్వు, నేను మాట్లాడతాను."

ఆ గొంతు వినగానే పంతులమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కోడలు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. పంతులమ్మ ఫోను వదల్లేదు. తన పేరు మళ్ళీ చెప్పింది, ఈసారి అతనికి వినపడేంత గట్టిగా.